చీటీ ఒకరిది, మంచం ఒకరిది

ఆ రోజుల్లో నంద్యాలలో మధ్యాహ్నం రెండు కావస్తోందని తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు, మా ఆసుపత్రి వరండా చూస్తే చాలు. ఆళ్ళగడ్డ నుంచి వచ్చే సర్వీసు బస్సు రెండుకు పావుగంట ముందు మా గేటు ఎదుట ఆగేది. జబ్బుపడ్డవాళ్ళు, వాళ్ళకు తోడు వచ్చినవాళ్ళు, తోడు వచ్చినవాళ్ళకు సద్దిమూట మోసుకొచ్చినవాళ్ళు అంతా ఒక్కసారే దిగేవాళ్ళు. మా పొద్దుటి డ్యూటీ ముగిసేది సరిగ్గా రెండుకు. రోగి గడప దాటేటప్పటికి డ్యూటీలో ఎవరుంటే వాళ్ళే అతన్ని చేర్చుకోవాలన్నది మా పెద్దసిస్టరమ్మ శాసనం. చేర్చుకోవడమంటే మాటలు కాదు. పేరూ ఊరూ రాసి, తల్లో పేలు చూసి, గోళ్ళు కత్తిరించి, స్నానం చేయించి, తూకం వేసి, ఒంటిమీది బట్టలు మూటగట్టి బీరువాలో పెట్టి తాళం వేసి, ఆసుపత్రి బట్టలు తొడిగించి మంచమెక్కించేసరికి గంటన్నర పట్టేది. (పేలుంటే రెండు గంటలు.) నా తర్వాత డ్యూటీకి రావలసినావిడను మేము అరనిమిషం అక్క అనేవాళ్ళం. రెండు దాటిన అరనిమిషానికి తప్ప ఏనాడూ వార్డులో అడుగుపెట్టలేదు మహాతల్లి. అందాకా మందుల గది వెనక నిలబడి టోపీకి పిన్నులు పెట్టుకుంటూ ఉండేది.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. నేను మాత్రం తక్కువ తిన్నానా? "చీటీమీద ఊరిపేరు కనపడల్యాదప్పా, గేటుకాడ మళ్ళా రాయించుకొని రాపో" అని ఒకరిని, "ఖాళీ కడుపుతో తూకం తప్పుతుందన్నా, టీ తాగి రా" అని ఇంకొకరిని గడప బయటే ఆపేసేదాన్ని. వాళ్ళు తిరిగొచ్చేసరికి రెండు దాటేది, అరనిమిషం అక్క దొరికిపోయేది. ఈ విద్య నెలరోజులు దివ్యంగా సాగింది. ఒకనాడు పెద్దసిస్టరమ్మ టీ అంగడి బెంచీ మీద వరసగా కూర్చున్న ఐదుగురు రోగుల్ని చూసి, నన్ను పిలిపించింది. "ఇంకొక్క రోగి నీ మూలంగా బయట కూర్చున్నాడని తెలిసిందా, నీ కాగితం మీద సంతకం పెట్టను" అంది. ఆ కాగితం మీద సంతకం పడితేనే నా ఉద్యోగం ఖాయం. పడకపోతే ఇంటికే. ఆళ్ళగడ్డ పక్కన పల్లెలో మాకు నాలుగు కాండ్ల ఎద్దులతో సేద్యం. నర్సు పని అనగానే మా నాయన "మన ఇంటి పిల్ల ఊరోళ్ళ పుండ్లు కడిగేదేందీ" అని అన్నం ముందునుంచి లేచిపోయాడు. మా అవ్వ ఒక్కతే "పోనీ రా, నా పూచీ" అని నిలబడింది. "ఒక్క మాట వచ్చినా బండి కట్టుకొని పోయి తీసుకొస్తా" అన్నది నాయన షరతు. అందుకని ఆ సంతకం నా ఒక్కదానిదే కాదు, మా అవ్వ పరువు కూడా దాంట్లోనే ఉంది.

నెలకు ఒక్కరోజు సెలవు నాకు. ఆ రోజు రెండుకు డ్యూటీ దిగి, రెండుంపావుకు తిరిగి ఆళ్ళగడ్డ పోయే అదే బస్సు ఎక్కాలి. అక్కడ బస్టాండులో అవ్వ బెల్లం ఓళిగలు పట్టుకొని కూర్చుని ఉంటుంది. ఆ నెల సెలవునాడు, రెండుకు పదమూడు నిమిషాలుందనగా ఇద్దరు మగవాళ్ళు వార్డు గడప దాటనే దాటారు. బావా, బావమరిదీనట. బయట కూర్చోబెడితే సంతకం పోతుంది, పద్ధతిగా చేర్చుకుంటే బస్సు పోతుంది. సరే, పదమూడు నిమిషాల్లోనే చేర్చుకుంటానని కొంగు బిగించాను. చీటీ లాక్కుని చూస్తే హెర్నియా, రేపు పొద్దున ఆపరేషన్. "ఎవరప్పా పేషెంటు?" అన్నాను. ఇద్దరిలో ఒకాయన మళ్ళీ బయటికి పోయి వరండా స్తంభం పట్టుకొని, బస్సు పడక వాంతి చేసుకుంటున్నాడు. ముఖం తెల్లగా పాలిపోయింది, నోరు తెరిస్తే వాంతే తప్ప మాట రావడంలేదు. రెండో ఆయన నిమ్మళంగా అతనివైపు చెయ్యి చూపించాడు. నాకూ అదే సబబనిపించింది. పేరు చీటీలో ఉండనే ఉంది, మళ్ళీ అడగడం దండగ. మా వార్డు తాతను కేకేస్తే అతన్ని చంకలో చెయ్యేసి తీసుకుపోయి నాలుగు చెంబులు గుమ్మరించాడు. గోళ్ళు మర్నాటికి వాయిదా వేశాను, పేలు దూరంనుంచే చూశాను. ఆసుపత్రి చొక్కా తొడిగి, ఏడో నంబరు మంచమెక్కించి, పంచె బీరువాలో పెట్టి తాళం వేశాను. అరనిమిషం అక్క అడుగుపెట్టేసరికి "ఏడు కొత్త కేసు, మూడింటికి ఎనిమా, నాలుగింటికి డాక్టరుగారు చూస్తారు" అని అప్పజెప్పి పరుగు తీశాను. అలాంటి పనిమంతురాలు జిల్లాలో లేదని బస్టాండు దాకా నన్ను నేనే మెచ్చుకున్నాను.

బస్సు ఊరు దాటింది. నేను చీర మార్చుకొని, టోపీ తీసేసి, కండక్టరు వెనక సీట్లో కూర్చున్నాను. వెనకనుంచి మాటలు వినపడుతున్నాయి. "యాడికి పోయొస్తాండావప్పా?" అని ఎవరో అడిగారు. "ఆపరేషన్‌కని వస్తి" అంది ఇంకో గొంతు. "అప్పుడే అయిపాయనా?" "నాకు గాదు, మా బావమరిదిని పండుకోబెట్టొచ్చినా." "ఆయప్పకేం జబ్బు?" "ఏం ల్యా. దుక్క మాదిరి ఉండాడు. ఆడ ఒక సిస్టరమ్మ, యమా తొందర మనిషి. పేషెంటు ఎవరనె. కక్కుకుంటాండేవాన్ని చూపిస్తి. ఎత్తుకపాయ." బస్సంతా ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తిరిగి చూస్తే వరండాలో చెయ్యి చూపించిన బావగారే, బొరుగులు తింటూ కూర్చున్నాడు. టోపీ లేకపోవడంతో నన్ను గుర్తుపట్టలేదు.

నిజం చెప్పేస్తాను, వెంటనే లేవలేదు నేను. కాస్త దూరం అలాగే కూర్చున్నాను. నేను డ్యూటీ దిగేటప్పుడు మంచం మీద అసలు రోగే ఉన్నాడని, తర్వాతే మనిషి మారాడని చెబితే ఎవరు కాదనగలరు? నింద అరనిమిషం అక్క మీదికి పోతుంది. (ఆ ఊహ కొంచెం తియ్యగా కూడా ఉండింది.) తిరిగి పోతే మాత్రం నా నోటితో నేనే ఒప్పుకోవాలి. సంతకం గోవిందా. కానీ కళ్ళు మూసుకున్నా తెరిచినా, మూడింటి ఎనిమా కోసం ఎదురుచూస్తున్న ఆ అమాయకుడే కనపడుతున్నాడు. సిగ్గేసింది. లేచి వెనక్కు పోయి, "అన్నా, ఆ తొందర మనిషిని నేనే" అన్నాను. బొరుగుల చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

"నేను రాను సిస్టరమ్మా. సంపినా రాను" అన్నాడు. "రావద్దులే. ఇంటికే పో. తోడబుట్టినోన్ని యాడ ఇడిసిపెట్టొస్తివని నీ పెండ్లాం అడిగితే ఏం చెప్తావో అది మాత్రం ఇప్పుడే అనుకో" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. బొరుగుల పొట్లం మడిచాడు. "అది కత్తి ల్యాకుండానే కోస్తాది" అని గొణిగి, "ఆపప్పా, దిగాల" అని కండక్టరును కేకేశాడు. అయ్యలూరు మెట్ట దగ్గర దిగాం. నేను రావడంలేదని అవ్వకు చెప్పమని కండక్టరుకు అప్పజెప్పాను. బియ్యం మిల్లుకు వడ్లు తోలుతున్న బండి దొరికితే ఎక్కాం. నాలుగింటికి డాక్టరు వస్తాడని ఆ ఎద్దులకేం తెలుసు? దారి పొడుగునా ఈ బావగారు తన చెప్పులు కాళ్ళకు వేసుకోకుండా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. ఎందుకన్నా అని అడిగాను. "మా నాయన గూడా ఇట్లే ఒకసారి ఆసుపత్రికి పాయ. చెప్పులు బయట ఇడిసి లోపలికి పాయ. ఇంటికి చెప్పులే తెచ్చుకున్యాం" అన్నాడు. అప్పటిదాకా ఆయన్ని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో, అన్నీ వెనక్కి తీసుకున్నాను. "నువ్వు చెప్పులు లోపలికే తెచ్చుకో. రేపు కండ్లు తెరిచేదాకా నీ పక్కనే ఉంటా" అన్నాను.

నాలుగుకు ఐదు నిమిషాలుందనగా వార్డులో అడుగుపెట్టాం. ఎనిమా అయిపోయింది. బావమరిది గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. "నాకేం ల్యాదు, మా బావకు అని నెత్తీ నోరూ కొట్టుకున్యాడమ్మా" అంది అరనిమిషం అక్క, "ఆపరేషన్ అంటే అందరూ ఇట్లే అంటారు కదా అనుకుంటిని." బావమరిది మెల్లగా ఇటు తిరిగాడు. "రా బావా" అన్నాడు నీరసంగా. "నీతో శానా మాట్లాడాల." పక్కనే పెద్దసిస్టరమ్మ నిలబడి ఉంది. నేను మొదటినుంచి చివరిదాకా అంతా చెప్పేశాను, బస్సులో అల్లుకున్న అబద్ధంతో సహా. ఆమె కిటికీవైపు తిరిగిపోయింది. భుజాలు కదులుతుంటే కోపంతో వణుకుతోందనుకున్నాను. కొంతసేపటికి బావగారిని చూపించి "ఇతని పేరు అడిగావా?" అంది. లేదమ్మా అన్నాను. "ఇప్పుడు అడుగు" అని వెళ్ళిపోయింది.

అడిగాను. సెలవు రోజున గంటన్నర కూర్చుని, గోళ్ళతో సహా పద్ధతిగా చేర్చుకున్నాను. (పేలు ఉన్నాయి.) బీరువాలో పెట్టే వస్తువుల్లో చెప్పులు రాయలేదు, మంచం కిందే ఉంచాను. మర్నాడు ఆపరేషన్ బాగా జరిగింది. ఆయన కళ్ళు తెరిచి మొదట చూసింది నన్ను కాదు, మంచం కిందికి. రెండుకు పావుగంట ముందు బస్సులో అవ్వ పంపిన ఓళిగలు వచ్చాయి. బావకు తినే యోగం లేదు, కడుపు ఖాళీగా ఉన్న బావమరిది సగానికిపైగా తినేశాడు. నెలాఖరుకు నా కాగితం వచ్చింది. సంతకం ఉంది. దాని కింద పెద్దసిస్టరమ్మ తన చేత్తో రెండే మాటలు రాసింది: "తొందర ఎక్కువ. తిరిగి వస్తుంది." ఉద్యోగం చేసినన్నాళ్ళూ అంతకంటే మంచి మాట నా గురించి ఎవరూ రాయలేదు.

నిరుడు నాకు కంటి ఆపరేషన్ అయింది. చెల్లెలు తోడు వచ్చింది. ఆటో ఆలస్యమై, ఆసుపత్రి మెట్లెక్కేసరికి రెండుకు పావుగంట తక్కువ. బల్ల దగ్గరున్న చిన్నపిల్ల నర్సు మమ్మల్ని చూసి, గోడ గడియారం చూసి, మళ్ళీ మమ్మల్ని చూసింది. ఆ చూపు నాకు తెలియనిదా? "ఎవరండీ పేషెంటు?" అంది. నలభై ఏళ్ళు ఆసుపత్రుల్లో బతికినదాన్ని, లోపలినుంచి మందుల వాసన రాగానే నా చెయ్యి నాకు తెలియకుండానే చెల్లెలివైపు కొంచెం లేచింది. దించుకున్నాను. ఆ పిల్ల కలం తీసి, "పేరు చెప్పండి పెద్దమ్మా" అంది. నాకు తెలివొచ్చిన దానికంటే ముందే ఆ పిల్లకు వచ్చిందని ముచ్చటేసింది. పేరు చెప్పాను. చెప్పులు బయట విడవమంటే మాత్రం వినలేదు, చేత్తో పట్టుకొని లోపలికి పోయాను.