అమ్మకు తెలియని పన్ను

సిడ్నీకి బయల్దేరే ముందు అమ్మ నన్ను పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లి, పుచ్చుపళ్లన్నిటికీ సిమెంటు పెట్టించింది. "స్టూడెంట్లకి అక్కడ పళ్లకి ఇన్సూరెన్స్ ఉండదంట, ఇక్కడే కానిచ్చెయ్" అంది.

రెండో సెమిస్టర్ పరీక్షల్లో దవడ చివర జ్ఞానదంతం మొలవడం మొదలైంది. కూర్చోలేను, పడుకోలేను. అమ్మ మాట గుర్తున్నా ఆశ చావక, బుగ్గన లవంగం పెట్టుకుని, బ్లాక్‌టౌన్ ప్లాట్‌ఫారం మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేశాను. జ్వరమొస్తే చూస్తారట, కాలు విరిగినా చూస్తారట, పళ్లు మాత్రం పాలసీలో లేవని అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. నాకు ఒళ్లు మండింది. నా నోట్లో పళ్లు నావి కాక పక్కింటివాళ్లవా?

వెంటనే రూమ్మేట్‌కి ఫోన్ చేసి వాడి మీద అరిచాను. వాడు నింపాదిగా, "పనాడోల్ బిళ్లలు వేస్కుని డిసెంబర్ దాకా లాగించెయ్ రా. ఎలాగూ ఇండియా వెళ్తున్నావ్‌గా, అక్కడ పీకించేస్కో" అన్నాడు.

మళ్లీ నడక మొదలెట్టాను. రైళ్లు వస్తున్నాయి, పోతున్నాయి, నేను ఏదీ ఎక్కడం లేదు. వద్దన్నా నాలుక ఆ పన్ను దగ్గరికే పోతోంది. నా ఒంట్లో ఈ దేశంలో పుట్టింది అదొక్కటే. దాన్ని పీకించడానికి ఇండియా తీసుకెళ్లాలట!