గ్రీన్ చూస్తే లేచే చెయ్యి

సన్యాసిరావు ఇంజిన్ దిగి ఇంటికొచ్చేశాడు గానీ, ఆయన చెయ్యి మాత్రం ఇంకా రిటైరవలేదు. రైలు నడిపేవాడు సిగ్నల్ కనబడగానే చెయ్యెత్తి "గ్రీన్!" అని అరవాలి, పక్కనున్న అసిస్టెంటూ చెయ్యెత్తి తిరిగి అనాలి. బిలాస్‌పూర్‌లో బతుకంతా అదే డ్యూటీ. కారు కొన్నాకా ఆ అలవాటు పోలేదు. ట్రాఫిక్ లైటు పచ్చబడితే ఈయన అరవడం, పక్క సీట్లో భార్య అప్పలనర్సమ్మ "ఏటి కర్మండీ నాకు" అని సణుక్కుంటూనే చెయ్యెత్తి జవాబివ్వడం. ఇవ్వకపోతే బండి కదిలితే ఒట్టు!

ఆ కారుని మొన్న తాముండే మోప్కా పేటలోనే ఎదురింటి జయప్రకాష్‌కి అమ్మేశాడు. కిటికీ అద్దాలు చేత్తో పిడి తిప్పి ఎత్తాలిట, నామోషీట! తెచ్చిన కొత్తదానికి టీవీ అంత తెర, చెయ్యి ఊపితే తెరుచుకునే కప్పు. అప్పలనర్సమ్మ మొహం మాడ్చుకుంది.

"నా బండి ఏనాడూ దారిలో దింపలేదు. ఇది ఒక్కసారి ఏడిపించిందా, జయప్రకాష్‌ని బతిమాలైనా పాతది తెచ్చుకుంటాను. దీన్లో మీరొక్కరే ఊరేగండి."

సన్యాసిరావుకి అదే భయం. అమ్మిన బండికోసం ఆ జయప్రకాష్ గుమ్మం ఎక్కడమా? అంతకంటే నడిచి తిరగడం నయం!

ఆదివారం రతన్‌పూర్ అమ్మవారి దర్శనానికి బయల్దేరారు. ఆవిడ కొత్త పట్టుచీర కట్టింది. దారిలో వాన మొదలైంది. చౌక్ దగ్గర లైటు పచ్చబడింది. ఇంకేముంది, చెయ్యి లేచింది.

"గ్రీన్!"

కప్పు తెరుచుకుంది.

"ఓలమ్మో! ఏటండీ ఇది?"

మూసుకోమని చెయ్యి ఊపాడు, తిట్టాడు, దండం పెట్టాడు. తెర మీద "దయచేసి వేచి ఉండండి" అని వచ్చింది. అది నింపాదిగా మూసుకునేసరికి ఆవిడ సిగలోంచి నీళ్లు కారుతున్నాయి.

"అచ్ఛా... గాలి కోసం తీశానే," అన్నాడు.

"వానలోనా? మళ్లీ చెయ్యెత్తండి, చెప్తాను."

తర్వాతి సిగ్నల్ దగ్గర ఆవిడ ఆయన చేతిని లాగి సీటుకేసి అదిమిపట్టింది. సరిగ్గా అప్పుడే పక్కన పాత కారొచ్చి ఆగింది. లోపల జయప్రకాష్, మీద ఒక్క చుక్క పడకుండా, తాపీగా అద్దం తిప్పి ఎత్తుకుంటున్నాడు. ఆవిడ ఆ అద్దంకేసే ఆశగా చూస్తోంది. అయిపోయింది, ఇప్పుడే దిగి అందులో ఎక్కేస్తుంది అనుకున్నాడు సన్యాసిరావు.

లైటు పచ్చబడింది. ఆయన నోరు బిగించుకుని కూర్చున్నాడు. పక్క సీట్లోంచి మాత్రం ఓ చెయ్యి రివ్వున లేచింది.

"గ్రీన్!" అంది అప్పలనర్సమ్మ.

కప్పు తెరుచుకుంది.

నెత్తిన వానతో మొగుడూ పెళ్లాం ఒకరినొకరు చూసుకున్నారు. జయప్రకాష్ గబగబా అద్దం దింపాడు.

"ఏటయిందక్కా?"

కుంకుమ బుగ్గలమీదికి కారుతోంటే, అప్పలనర్సమ్మ తడిసిన పైట దర్జాగా సర్దుకుంది.

"ఏటీ లేదు తమ్ముడూ. గాలి కోసం తీశాం."