వాసన చెప్పే మనిషి

మా అత్తమ్మ పోయింది. పొద్దున చాయ్ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, కాసేపు ఒరుగుతానని మంచం ఎక్కింది. పిండి తడుపుతూ నేనేదో అడిగాను. జవాబు రాలేదు. పెద్ద వయసు, నిద్రలో పోయింది, అదృష్టవంతురాలు అని వచ్చినవాళ్లందరూ అన్నారు. నిజమే. కానీ మా వంటింటి గడప దగ్గర ఒక చిన్న పీట ఉంది. అది అప్పటినుంచి ఖాళీగా ఉంది.

కొన్నేళ్ల కింద నాకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ వాసన తెలియడం మాత్రం తిరిగి రాలేదు. మల్లెపూలు, మాడిన పాలు, ఇంగువ పోపు, అన్నీ నాకు ఒకటే. ఎక్కువ భయపెట్టింది గ్యాసు. అది లీకైతే నాకు తెలియదు. ఇంట్లో స్టవ్వుతోపాటు గ్యాసుతో నడిచే చిన్న ఓవెన్ కూడా ఉండేది. ఓవెన్ అయినా అమ్మేద్దామని మా ఆయన అన్నాడు.

"ఎందుకమ్ముడు బిడ్డా? నా ముక్కు లేదా?" అన్నది అత్తమ్మ.

ఆ ముక్కు మీద ఆమెకు చిన్నప్పటినుంచీ నమ్మకం. ఆమె పుట్టిల్లు నందికొండ దగ్గరి పల్లె. రజాకార్ల కాలంలో ఆమె ఇంకా లంగా కట్టే పిల్ల. ఒక సాయంత్రం మేకల దొడ్లో వాళ్ల అవ్వ పక్కన కూర్చుంటే గాలికి గ్యాసునూనె వాసన వచ్చిందట. మా వైపు కిరోసిన్‌ను పెద్దవాళ్లు అట్లాగే అంటారు. దీపంలోకే నూనె దొరకని రోజులు. అంత వాసన ఎక్కడినుంచి వస్తుంది?

"అవ్వా, గ్యాసునూనె వాసనొస్తాంది" అన్నదట.

"నీ ముక్కు కొయ్య, ఊకో" అని తిట్టిన అవ్వ, మరుక్షణం తనూ గాలి పీల్చి, ఇంటిల్లిపాదినీ దొడ్డిదారిన జొన్నచేన్లోకి తీసుకుపోయింది. వచ్చినవాళ్లు ఇంటికప్పు తగలబెట్టి పోయారు. మనుషులు మిగిలారు. పోలీసు యాక్షన్ అయ్యాక మళ్లీ కప్పు వేసుకున్నారు. తర్వాత డ్యాం కట్టినప్పుడు ఆ ఊరు నీళ్ల కిందికి పోయింది. "అగ్గి సగమే తిన్నది, నీళ్లు మొత్తం మింగినయి" అని నవ్వేది అత్తమ్మ.

అందుకని ఆమెకు గ్యాసు అంటే నూనె. ఓవెన్ కొన్న కొత్తలో, నాకింకా వాసన తెలిసే రోజుల్లో, ఒకసారి నాబ్ తిప్పితే మంట రాలేదు. "గ్యాసు వాసనొస్తున్నదత్తమ్మా" అన్నాను. ఆమె ఒక గుడ్డ పట్టుకొచ్చి నేల మీద వంగి వెతకడం మొదలుపెట్టింది.

"ఏడ కారిందే? నేలంత పొడిగనే ఉన్నది."

"నూనె కాదత్తమ్మా, గాలి."

"గాలి కారుతదా? మీరు కొనే సామాన్లన్ని గిట్లనే ఉంటయి." అట్లా వంగే ఆగిపోయింది. "కిందనే ఉన్నదే వాసన. పైన అంత లేదు."

సిలిండర్ గ్యాసు గాలికంటే బరువట, కిందికి దిగి నేల మీద పరుచుకుంటుందట. నాకు వాసన పోయాక ఆమె కుర్చీ మానేసి గడప దగ్గర పీట వేసుకున్నది అందుకే.

ఓవెన్ అంటుకోకపోతే "అలిగింది" అనేది. నేను కంగారుగా మళ్లీ నాబ్ తిప్పబోతే చెయ్యి ఎత్తేది. "అలిగినోళ్లను మల్లమల్ల పిలువొద్దు. జర ఆగు." అంటే నాబ్ కట్టేసి, ఓవెన్ తలుపు బార్లా తీసి, కిటికీ తెరిచి, లైటు, ఫ్యాను స్విచ్చులు ముట్టుకోకుండా ఊరుకోవాలి. అగ్గిపుల్ల మాటే వద్దు. ఆమె కొంగు సర్దుకొని, వంగి, గాలి పీల్చేది. "ఆగు" అంటే ఆగేదాన్ని. "ఇగ కానియ్" అంటేనే కదిలేదాన్ని. వాసన పోకపోతే సిలిండర్ కట్టేసి, బయట అరుగు మీద కూర్చొని మెకానిక్‌కు ఫోన్ చేసేవాళ్లం.

ఒకసారి అట్లా కూర్చున్నప్పుడు పక్కింటామె అడిగింది: "ఏందమ్మా, అత్తాకోడండ్లు ఇద్దరు బయట పడ్డరు? కొట్లాడిండ్రా?"

"మేం కాదు బిడ్డా. పొయ్యి అలిగి మమ్ముల ఎల్లగొట్టింది."

జొన్నపిండి, బెల్లం కలిపి నేను చేసే బిస్కెట్లంటే ఆమెకు ఇష్టం. అవి కాలుతుంటే "వాసన ఎట్లున్నదత్తమ్మా?" అని అడిగేదాన్ని. మంచిగున్నదని చెప్పి ఊరుకునేది కాదు. "పచ్చజొన్న కంకి కాల్చి, దాని మీద బెల్లం రాసినట్లున్నది" అనేది. తొలి వాన పడ్డ రోజు అడిగితే, "చేను కాడికెళ్లి మీ మామ తెచ్చే తువ్వాల లెక్కున్నది" అన్నది. ఆమె చెప్తే నాకు వాసన వచ్చేది. నిజంగానే వచ్చేది.

నెల మాసికానికి ఆ బిస్కెట్లే పెట్టాలనుకున్నాను. అప్పటిదాకా ఓవెన్ ముట్టుకోలేదు. నాబ్ నొక్కి తిప్పితే టక్కుటక్కుమన్నది, మంట రాలేదు. "దుకాణంల తెద్దాం తియ్" అన్నాడు మా ఆయన. ఆమె పేరు మీద పెట్టేది దుకాణంలో కొనబుద్ధి కాలేదు. నాబ్ కట్టేసి, తలుపు తీసి, కిటికీ తెరిచాను. అక్కడిదాకా చేతులకు అలవాటే. ఆ తర్వాత ఒక మాట రావాలి. అది రాలేదు.

కాలేజీకి తయారవుతున్న మా బిడ్డను పిలిచాను. పీట మీద కూర్చోలేదు అది. పక్కన నేల మీద కూర్చొని, వంగి వాసన చూసి, "ఏం లేదమ్మా" అన్నది. సిలిండర్ కట్టేసి, చల్లగా ఉన్న బర్నర్ విప్పాను. రంధ్రాల్లో మసి, ఎప్పుడో ఒలికిన పిండి. నిప్పురవ్వ వచ్చే కొస మీద జిడ్డు. ఎండుగుడ్డతో తుడిచి, మెత్తటి బ్రష్‌తో దులిపి, తడి లేదని చూసుకొని బిగించాను. సిలిండర్ తెరిచి, పైపు అతుకులకు సబ్బునురుగు రాసి, బుడగలు లేవడం లేదని చూశాను. బిడ్డ మరోసారి నేలకు వంగింది.

"ఇగ కానియ్" అన్నది.

ఆ మాట దానికి నేను నేర్పలేదు.

మంట పట్టుకుంది. వెంటనే వదలకుండా నాబ్ కాసేపు నొక్కి పట్టి, నీలంగా నిలిచాక వదిలాను. అప్పటికీ ఆరిపోతే మెకానిక్‌ను పిలవాల్సిందే. ఆరలేదు.

"వాసన ఎట్లున్నదే?" అని అడిగాను, బిస్కెట్లు కాలుతుంటే.

"సూపరున్నదమ్మా."

"సూపరంటే ఎట్ల?"

"ఏమో, బిస్కెట్ లెక్కనే" అని నవ్వి, సంచి తగిలించుకొని పోయింది.

పళ్లెం తెచ్చి పీట మీద పెట్టాను. సన్నటి ఆవిరి లేచి, గడప మీదుగా బయటికి పోతున్నది. నేను అక్కడే, పీట వైపు చెవి పెట్టి నిలబడ్డాను.