మోరిసెట్ కార్డులో ఖాళీ గడి

మోరిసెట్ దెబ్రోస్ ముప్పై ఒక్క సంవత్సరాల పాటు ఇతరుల కార్డుల మీద ముద్రలు వేసింది. మే నెల మూడో ఆదివారం మా వోలిన్యి చర్చి వాకిట్లో, చెక్కుడు రాతి కమాను కింద బల్ల వేసుకుని నిలబడేది. ఎడమ పక్క సిరా దిండు, కుడి పక్క ముద్ర, మధ్యలో హ్యామ్ పెట్టిన రొట్టెలు, ముందురోజు తను కాల్చిన వెన్న కేకు. ఉదయం ఆరింటికి బెల్మార్ష్ పట్టణంలో బయలుదేరిన సైకిళ్లవాళ్లు తొంభై ఆరు కిలోమీటర్లు తొక్కి ఆ బల్ల దగ్గరికి వచ్చేవారు. ఆమె వాళ్ల కార్డులో ఆ మజిలీ గడిలో ముద్ర వేసి, వచ్చిన వేళ రాసి, రెండో చేత్తో రొట్టె అందించేది.

అది రెండు వందల కిలోమీటర్ల చుట్టు. పదమూడున్నర గంటల్లో ముగించి బెల్మార్ష్ చేరాలి. దారిలో మూడు మజిలీలు, ఒక్కొక్కదానికీ మూసే వేళ ఒకటి. మా ఊరి మజిలీ పన్నెండూ ఇరవై నాలుగుకి మూస్తారు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ రోజు తొక్కినదంతా వృథా. ఎంత బతిమాలినా మోరిసెట్ ఒక్క నిమిషం కూడా వెనక్కి రాసేది కాదని మా బ్రియొన్నె ప్రాంతమంతా పేరు.

బడి వంటశాలలో ముప్పై నాలుగేళ్లు వండింది కాబట్టి నలభై ఏళ్ల లోపు వాళ్లందరూ ఆమె చేతి పప్పు తిని పెరిగినవాళ్లే. చర్చి తాళంచెవి కూడా ఆమె దగ్గరే ఉంటుంది. ఫాదరుగారికి ఇరవై రెండు ఊళ్లు, మా వంతు ఆరు వారాలకోసారి వస్తుంది. మిగతా రోజుల్లో గబ్బిలాల రెట్టలు కడగడం, పూలు మార్చడం, తుపాను వస్తుందంటే కిటికీలు బిగించడం ఆమె పని. సైకిలు తెచ్చి చర్చి గోడకి ఆనించినవాడి పని అయిపోయినట్టే. ఈ గోడకి తొమ్మిది వందల ఏళ్లు, నీ టైరుకి తొమ్మిది వారాలు, పోయి గడ్డిలో పడుకోబెట్టమనేది.

సైకిలు తొక్కేది ఆమె భర్త జెర్వే. రోడ్ల శాఖలో పనిచేసేవాడు. వారమంతా బాగుచేసిన రోడ్ల మీదే ఆదివారం పొద్దున్న తొక్కేవాడు. అరవై ఎనిమిదో ఏట తుంటి ఎముక మార్చారు. డాక్టరు సైకిలు వద్దన్నాడు. నీలం రంగు సైకిలు గ్యారేజీలో కొక్కేనికి ఎక్కింది. రెండేళ్లు అక్కడే వేలాడింది.

ఒక మంగళవారం జామ్ సీసాల కోసం గ్యారేజీలోకి వెళ్లిన మోరిసెట్ సీసాలు తేలేదు, సైకిలు దింపింది. జెర్వే పెద్ద పొడగరి కాదు, సీటు నాలుగు వేళ్లు దించితే సరిపోయింది. ఆ రోజు శ్మశానం దాకా వెళ్లి వచ్చింది. మర్నాడు పక్క ఊరు. కార్డు మీద అచ్చువేసిన, దారిలో వచ్చే పద్నాలుగు ఊళ్ల పేర్లూ తనకి కంఠతా వచ్చునని, ముప్పై ఏళ్లలో వాటిలో అయిదు మాత్రమే చూశానని నాతో అంది. నేను ఊరి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనదాన్ని, మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. పుస్తకాల్లో తప్ప నేను చూసిన ఊళ్లు ఇంకా తక్కువ కాబట్టి వద్దనలేదు.

జెర్వే మాత్రం ఊరుకోలేదు. గేరు మార్చడం తెలీదన్నాడు, దిగుడులో బ్రేకులు పట్టుకుని వేలాడుతుందన్నాడు. ఆమె మొదటిసారి ఆ చుట్టులో పేరు ఇచ్చినప్పుడు వారం రోజులు ముభావంగా ఉండి, ఎనిమిదో రోజు చైను విప్పి కిరసనాయిలులో కడిగి పెట్టాడు. ఆ సంవత్సరం ఆమె ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా చేరింది. కార్డు మీద ఎర్ర గీత కొట్టి తిరిగి ఇచ్చేశారు.

"ఇరవై అయిదు నిమిషాలే! దారిలో ఆ కాఫీ మానేస్తే సరిపోయేదే" అన్నాడు జెర్వే.

"నేను తాగలేదు. అదే తప్పు" అంది మోరిసెట్.

ఎర్ర గీత ఉన్న కార్డు ఎక్కడ దాచిందో ఎవరికీ చూపలేదు. చలికాలమంతా వాన లేని ప్రతి రోజూ తొక్కింది. మోకాలికి రాత్రిళ్లు ఆవనూనె పట్టీ కట్టుకునేది. మళ్లీ పేరు ఇచ్చింది. అరవై తొమ్మిది రాకముందే ఈ ఒక్క కార్డు నాకు కావాలి, కొండలు ఏటేటా తగ్గవు కదా అంది. ఇంతకన్నా ఎక్కువగా ఆమె దేన్నీ అడగడం నేను వినలేదు.

కిందటేడు ఆమె బల్ల దగ్గర కాఫీ దుకాణం ఆవిడ నిలబడింది. ఈ ఏడు ఆ దుకాణం మూతపడి ఆవిడ కూతురింటికి వెళ్లిపోయింది. అందుకని ముద్ర నా చేతికి వచ్చింది. మోరిసెట్ రెండు సాయంత్రాలు నేర్పింది. సిరా దిండు మీద గట్టిగా నొక్కకు, కార్డు మీద నొక్కు, అంకెలు పెద్దవిగా రాయి. నేను తల ఊపాను. నలభై ఏళ్లు ఊరి ఆఫీసులో ముద్రలు వేసినదాన్ని, ఇదేం కష్టం అనుకున్నాను.

ఆ ఆదివారం పదింటి దాకా సన్నగా జల్లు పడి ఆగింది. వచ్చేవాళ్లు ఒకరొకరుగా వస్తున్నంతసేపూ బాగానే ఉంది. పదకొండు దాటాక లోయ అవతలి సైకిలు క్లబ్బు వాళ్లు ముప్పై మంది ఒక్కసారి ఎక్కి వచ్చారు. తడి బట్టలు, ఆకలి, అందరి చేతుల్లో కార్డులు. నేను ఒక్కొక్కరికీ వేళ రాసి, ఆరిందో లేదో ఊది చూసి ఇస్తున్నాను. రొట్టెలు అయిపోయాయి. ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో ముద్ర, రెండింటికీ సిరా.

"మదాం, ఇది పెళ్లి రిజిస్టరు కాదు. నాలుగు అంకెలు గీకితే చాలు" అన్నాడు వరసలో ఒక పెద్దాయన. వెనక అందరూ నవ్వారు.

సరిగ్గా అప్పుడు మోరిసెట్ వచ్చింది. పదకొండూ ఇరవై. కిందటేటి కన్నా ముప్పావుగంట ముందు. సైకిలు గడ్డిలో పడుకోబెట్టి, చేతి తొడుగులు విప్పుకుంటూ వరస చివర నిలబడవలసిన మనిషి, బల్ల చూసింది, నన్ను చూసింది. మరుక్షణం బల్ల వెనక ఉంది.

"తప్పుకో క్లోతిల్డ్, నువ్వు రొట్టెలు కొయ్యి" అని నా చేతిలోంచి ముద్ర తీసుకుంది.

ఆ తరవాత ఎంత హాయిగా జరిగిందో చెప్పలేను. ముద్ర, వేళ, రొట్టె, తరవాతివాడు. మధ్యమధ్య ఒకడి మోకాలి పట్టీ సరిచేసింది, ఇంకొకడికి నీళ్ల కుళాయి శ్మశానం గేటు పక్కన ఉందని చూపించింది. నేను కేకు ముక్కలు కోస్తూ, చేయి తిరిగిన మనిషి పని చేస్తుంటే చూడటం ఎంత బాగుంటుందో అనుకున్నాను. అది తప్ప ఇంకేమీ అనుకోలేదు. వరస అయిపోయేసరికి గంటస్తంభం గడియారం పన్నెండుకి పావు తక్కువ చూపిస్తోంది. అయ్యో నేను పోవాలి అని ఒక కేకు ముక్క నోట్లో పెట్టుకుని, సీసా నింపుకుని, దిగుడులోకి వెళ్లిపోయింది. నేను చెయ్యి ఊపాను. ఆమె కార్డు ఆ ఇరవై అయిదు నిమిషాలూ వీపు జేబులోనే ఉంది.

కొండ దిగువన, మా ఊరికి అయిదు కిలోమీటర్ల అవతల, సాన్-రెమెజ్‌లో పాత చాకిరేవు ఉంది. అక్కడ తరవాతి మలుపు చూసుకుందామని కార్డు తీసింది. మొదటి గడిలో ముద్ర ఉంది. రెండో గడి తెల్లగా ఉంది. చాకిరేవు అరుగు మీద మొహం కడుక్కుంటున్న ఒక పశువుల డాక్టరు, లోయ అవతలి క్లబ్బువాడు, ఆ సంగతి తరవాత నాకు చెప్పాడు. ఆమె కార్డును వెనక్కి తిప్పి చూసిందట, ముద్ర అటుపక్క పడి ఉంటుందేమో అన్నట్టు.

"మీరు మా కార్డులకి ముద్రలు వేశారు మదాం. ముప్పై మందిమి సాక్ష్యం చెప్తాం. మిమ్మల్ని ఎవరు కాదంటారు?" అన్నాడట.

"నన్ను చూశారు కదా అన్నవాళ్లని ముప్పై ఏళ్లుగా వెనక్కి పంపుతున్నాను నాయనా" అని సైకిలు తిప్పింది.

దిగేటప్పుడు పది నిమిషాలు పట్టిన దారి. ఎక్కేటప్పుడు వేరే. పన్నెండూ ఇరవై అయింది, నేను బల్ల గుడ్డ మడుస్తున్నాను. ఇంకెవరూ రారని సిరా దిండు మూత కూడా పెట్టేశాను. రోడ్డు వంపులో ముందు ఆమె పసుపు టోపీ, తరవాత భుజాలు, తరవాత ఊగిపోతున్న హ్యాండిల్ కనిపించాయి. వెనక్కి వస్తోందంటే ఎందుకో అప్పటికి గాని నాకు తట్టలేదు.

ఆమె రొప్పుతూ దిగింది. కార్డు బల్ల మీద పెట్టింది. నేను మూత తీసి, ఆమెకే బాగా వచ్చు కదా అని ముద్ర ఆమె చేతికి ఇవ్వబోయాను.

"నువ్వే వెయ్యి" అంది. "తన కార్డు మీద తను వేసుకోకూడదు."

వేశాను. తొందరలో ముద్ర తలకిందులుగా పడింది, చర్చి శిఖరం నేలకి, పునాది ఆకాశానికి. ఆమె వంగి చూసి, తలకిందులైనా చెల్లుతుందిలే అంది. నేను కలం పట్టుకుని ఆగిపోయాను.

"పదకొండూ ఇరవై అని రాయనా? నువ్వు వచ్చింది నిజంగా అప్పుడే కదా, మోరిసెట్."

"ఇప్పుడెంతైంది?"

"పన్నెండూ ఇరవై రెండు."

"అదే రాయి."

రాశాను. నా వల్లే ఇదంతా అనబోతే వినలేదు. నీ వల్ల కాదు, బల్ల కనిపిస్తే నా కాళ్లు అటే పోతాయి అంది. సీసాలో నీళ్లు సగం తాగి సగం తల మీద పోసుకుంది. ఇంకా నూట నాలుగు కిలోమీటర్లు ఉంది, కాళ్లకి అప్పటికే పది కిలోమీటర్లు అదనంగా పడ్డాయి. ఏడున్నరకి బెల్మార్ష్. నేను వేళ్ల మీద లెక్క వేస్తుండగానే ఆమె మళ్లీ దిగుడులో ఉంది.

ఆ మధ్యాహ్నం గురించి ఆమె తరవాత నాకు చెప్పింది తక్కువే. మూడో మజిలీలో మూసే వేళకి తొమ్మిది నిమిషాల ముందు ముద్ర పడిందట. ఎక్కడా దిగలేదట. అన్నేళ్లుగా చూడాలనుకున్న ఊళ్లన్నీ పక్కనుంచి పోయాయి. ఒక ఊళ్లో శిఖరం మెలితిరిగి ఉందని, ఒక ఊళ్లో తెల్ల ఆవులు చర్చి మెట్ల దాకా మేస్తున్నాయని, ఇంకో ఊళ్లో తలుపు తెరిచి ఉండి లోపలి చల్లగాలి రోడ్డు మీదికి వచ్చి తన మోచేతుల్ని తాకిందని చెప్పింది. ఆగి లోపలికి వెళ్తే బాగుండేదేమో అన్నాను. సైకిలు ఎక్కడ ఆనించాలో తెలియని ఊరు అంది.

సాయంత్రం నేను కారులో జెర్వేని తీసుకుని బెల్మార్ష్ వెళ్లాను. పట్టణ సభా భవనం గుమ్మంలో ఈ చుట్టు నడిపే క్లబ్బు కార్యదర్శి లాంబొరో బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఉద్యోగకాలమంతా పొలాలు కొలిచిన మనిషి. చేతి గడియారం విప్పి కార్డుల పక్కన పెట్టుకున్నాడు. జెర్వే లోపలికి రాలేదు. కర్ర పట్టుకుని రోడ్డు మూల మీద నిలబడ్డాడు. ఆ చివరి కొండకి ముందే చిన్న గేరు వేసుకోమన్నాను, వింటుందా, దానికి అన్నీ తెలుసు అని నాతో కాదు, రోడ్డుతో అంటున్నాడు. ఏడుంబావుకి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. నీలం సైకిలు చూశారా అని అడిగాడు. కొండ మీద చూశామన్నారు. దిగి నడుస్తోందా అన్నాడు. లేదు, తొక్కుతోంది, కాని నడిచినా అంతే పడుతుంది అన్నారు. జెర్వేకి నవ్వు రాలేదు.

ఏడూ ఇరవై నాలుగుకి ఆమె మూల తిరిగింది. మొహం గోడ రాయి రంగులో ఉంది. జెర్వే ఆమె పక్కన కుంటుకుంటూ గుమ్మం దాకా నడిచాడు.

"చైను కరకరమంటోంది. నూనె వెయ్యలేదు నువ్వు" అన్నాడు.

"నువ్వు వెయ్యలేదు" అంది ఆమె, దిగుతూ.

సైకిలు ఆయన పట్టుకున్నాడు. ఆమె నా భుజం పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. లాంబొరో కార్డు తెరిచాడు. రెండో గడి దగ్గర అతని వేలు ఆగింది. తలకిందులు చర్చి, పన్నెండూ ఇరవై రెండు. మొదటి మజిలీ వేళ చూశాడు, మళ్లీ రెండోది చూశాడు. ఇంత సేపు ఎక్కడున్నావని అడిగాడు. మోరిసెట్ చెప్పింది, బల్ల సంగతి, చాకిరేవు సంగతి, అన్నీ, నాలుగు ముక్కల్లో. తలకిందులుగా వేసింది నేనేనని నేను చెప్పాను. అతను కళ్లద్దాల మీదనుంచి నన్ను చూశాడు. అక్కడ మూసేందుకు ఇంకా రెండు నిమిషాలు మిగిలాయి కాబట్టి మిగిలినట్టే అని, చివరి గడిలో ముద్ర వేసి, ఏడూ ఇరవై ఏడు అని రాశాడు.

కార్డులన్నీ పారిస్ వెళ్తాయి. అక్కడ సరిచూసి, సంఖ్య వేసి, ఆకులు రాలే కాలానికి తిరిగి పంపుతారు. సిరా ఆరిందో లేదో చూసుకోమని లాంబొరో కార్డు ఆమె వైపు తిప్పి, వెంటనే తిరిగి తీసుకోవడానికి అంచు పట్టుకున్నాడు. రెండో అంచు ఆమె పట్టుకుంది. వదల్లేదు.

"ఇటివ్వు మోరిసెట్. మళ్లీ వస్తుంది" అన్నాడు.

"తెలుసు. ఒక్క నిమిషం."

నేను కళ్లద్దాలు ఇవ్వబోయాను, అక్కర్లేదంది. పద్నాలుగు ఊళ్ల పేర్లూ పైనుంచి కిందికి, పెదాలు మాత్రం కదుపుతూ, ఒక్కో పేరు దగ్గరా ఆగి చదవసాగింది. మా వెనక ఎవరూ లేరు. లాంబొరో తన అంచు వదిలేశాడు. చేతి గడియారాన్ని బల్ల మీద బోర్లించి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.