కాక అనలేని మాట

మొన్న ఇక్కడ బహ్రెయిన్‌లో, మా గ్యారేజీ ఉన్న సల్మాబాద్‌లో సైరన్ మోగగానే పని వదిలేసి అందరం లోపలికి పరుగెత్తాం. పక్క దేశాల యుద్ధం మా నెత్తి మీదికి వస్తుందేమోనని గోడకు ఆనుకుని కూర్చున్నాం. బయటికి వచ్చేసరికి, కారు తలుపుకు పూయడానికి కలిపి పెట్టిన లప్పం రాయిలా గట్టిపడిపోయింది. దాని ఘాటు వాసన ముక్కుకు తగలగానే మల్లేశం కాక గుర్తొచ్చాడు. ఆయన ఉంటే ఆ గోడవారనే ఇద్దరం వాదనకు దిగేవాళ్లం.

కాక నాకు బంధువేం కాదు. నాలాగే జగిత్యాల వైపు మనిషి, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు సుత్తి పట్టుకోవడం కూడా రాదు. సొట్టపడిన తలుపు మీద టపటపా బాదుతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "కోపం ఎవని మీదరా? రేకు మీదనా?" అని నవ్వి, వెనక ఇనుప దిమ్మె ఆనించి మెల్లగా తట్టడం నేర్పాడు. ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్న విద్య అది. పొద్దున్నే ఇద్దరి అన్నం ఒకే డబ్బాలో సర్దుకుని మేముండే కూలీల క్యాంపు నుంచి బస్సెక్కేవాళ్లం. మధ్యాహ్నం కార్ల నీడన కలిసి తినేవాళ్లం.

మా పేచీలన్నీ ఆ తిండి దగ్గరే. ఫోన్‌లో ఏ యుద్ధం వార్త చూసినా నాకు ముద్ద దిగేది కాదు. ఏ పేరు పెట్టి చంపినా చంపడమే అనేవాణ్ణి. కాక ససేమిరా ఒప్పుకునేవాడు కాదు. "మా తాత దొర ముంగట చెప్పులు చేతవట్టుకొని నడిచిండు. సచ్చేదాక గట్లనే నడవాల్నా? అడిగితె ఇయ్యకపోతె కొట్లాడక ఏం జేస్తరు?" అనేవాడు. "గా కొట్లాటల సచ్చినోని పిల్లలకు ఏం జెప్తవ్ కాకా?" అంటే మాత్రం డబ్బా మూత పెట్టేసి లేచిపోయేవాడు.

ఒక శుక్రవారం, గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు, మా బాపు సంగతి చెప్పాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు, తుపాకులు పట్టి అడవిలో తిరిగే అన్నలు ఆయన్ని పోలీసుల మనిషని అనుమానించి, ఊరి బయటికి తీసుకుపోయి కాల్చేశారు. మా బాపు ఠాణా గడప తొక్కింది మేక పోయిందని చెప్పడానికి.

"నేను గూడ గా అన్నలల్ల ఉన్న బిడ్డా," అన్నాడు కాక. "మూడేండ్లు. గిట్లనే ఒకన్ని తీస్కపోయినప్పుడు తొవ్వల కావలి ఉన్న. ఆయన ఏం చెయ్యలేదని తర్వాత తెలిసింది."

నేను మంచం మీంచి లేచి నిలబడ్డాను. "మా బాపేనా?"

"కాదు. వేరే ఊరు. వేరే పిలగాని బాపు."

ఆయన ఏడుస్తున్నాడు. నాకు కావలసింది ఒక్క మాట. "గా యుద్ధమే తప్పని అను కాకా. నాకోసం అను."

"గా సావు తప్పు. ఆ పాపం నాదే. నువ్వు కొట్టు, పడ్త. కని కొట్లాటే తప్పని అనలేను. నిన్ను ఖుషీ చేద్దామని అబద్ధం ఎట్ల చెప్పాలె?"

మర్నాడే నేను వేరే డబ్బా కొనుక్కున్నాను. కారుకు అటువైపు ఆయన, ఇటువైపు నేను కూర్చుని తిన్నాం. ఒకటి రెండుసార్లు చింతకాయ తొక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను ముట్టలేదు. అలా నాలుగు నెలలు. తర్వాత ఆయన వీసా అయిపోయింది. వెళ్లేరోజు "పోయొస్త బిడ్డా" అంటే తల ఎత్తలేదు.

ఇల్లు చేరిన నెలకే గుండె ఆగి పోయాడు. నేను ధైర్యం చేసి ఫోన్ చేస్తే ఆయన కూతురు లక్ష్మి ఎత్తింది. నా పేరు వినగానే బోరుమంది.

"అన్నా, మీరు లేకుంటె మా బాపుకు అక్కడ దిక్కెవరు? కడదాక ఇద్దరు ఒక్క డబ్బల్నే తిన్నరంట గద. వచ్చేనాడు గూడ మీరే బువ్వ కట్టిచ్చిండ్రని చెప్పిండు."

ఎలాగో "అవ్ చెల్లె" అన్నాను.

యుద్ధం తప్పని ఇవాళ్టికీ నమ్ముతాను. ఆ ఒక్క విషయంలో కాకతో ఎప్పటికీ ఏకీభవించను. కానీ నేను బతిమాలినా ఒక్క అబద్ధం ఆడని మనిషి, నా పరువు కోసం కన్నబిడ్డకు అబద్ధం చెప్పాడు. తన తప్పు మాత్రం నా ఎదుట కూర్చుని ఒప్పుకున్నాడు. నేను నా తప్పు లక్ష్మికి ఇంకా చెప్పలేదు.