నాన్న పడవకు నీలం రంగు

ఓ సినిమా షూటింగును ఒంటిచేత్తో నాశనం చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఆ పని కూడా మర్యాద కోసమే చేశాను. తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బుద్ధి మాత్రం ఇంకా పుట్టలేదు. రాజమండ్రికి దిగువన, గోదావరి ఒడ్డున మా ఊరు. నాన్నది చేపల వేట. మా రేవులోకి ఓ సినిమా బృందం దిగింది. కథేమిటంటే, ప్రపంచయుద్ధం ముగిశాక ఓ సైనికుడు బర్మా నుంచి ఊరికి తిరిగొస్తాడు. తనకోసం ఎదురుచూసిన అమ్మాయిని కలుస్తాడు. కలిసి ఏం మాట్లాడతాడు? ఏమీ మాట్లాడడు. ఆమె కూడా మాట్లాడదు. గంటన్నర సేపు చూసుకుంటారు. చూసేవాడికి ఒళ్లు మండదా? మా ఊళ్లో అయితే ఆపాటికి వాళ్ల పిల్లలు బడికి వెళుతుంటారు.

రంగు వెలిసి, చెక్క తేలిన మా పడవను చూసి దర్శకుడు మురిసిపోయాడు. నాన్నకు వేషం కూడా ఇచ్చాడు. యుద్ధానికి వెళ్లిన కొడుకు తిరిగిరాని పడవవాడి వేషం. సైనికుణ్ణి ఇవతలి ఒడ్డున దించి, అతని మొహంలోకి ఒక్కసారి చూడాలి. అంతే, మాట లేదు. ఫోటో అంటేనే సిగ్గుపడే మా నాన్న ఆ ఒక్క చూపు కోసం వారం రోజులు అద్దం ముందు నిలబడ్డాడు. చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు.

మొదటిరోజు సైనికుడు అవతలి ఒడ్డున మా పడవ ఎక్కడం వరకూ షూటింగు చేశారు. దిగడం మిగిలింది. మర్నాడు షూటింగుకు సెలవు. నాన్న నిడదవోలులో పెళ్లికి వెళ్లాడు.

మా వాళ్లకో అలవాటుంది. పెద్దవాళ్లు వస్తున్నారంటే ఇంటికి సున్నం, పడవకు రంగు. దేశమంతా చూసే పడవ అంత దరిద్రంగా ఉంటే మా పరువేం కావాలి? పడవంతా నీలం రంగు కొట్టాను. అంచులకు పసుపు. ముందు భాగాన తామరపువ్వు. పక్కన పెద్ద అక్షరాలతో ‘సుస్వాగతం’.

తెల్లారి దర్శకుడు వచ్చాడు.

“ఏమయ్యా, మన పడవేది?”

“ఇదేనండి. కొత్తదానిలా లేదండీ?”

“అవతల పాత పడవ ఎక్కించానయ్యా! నా హీరో నది మధ్యలో ఆగి రంగేసుకున్నాడా?”

“యుద్ధం గెలిచారు కదండీ, ఆ సంతోషంలో వేసుకున్నాడనుకుంటారండి.”

దర్శకుడు నెత్తిమీది టోపీ తీసి గోదావరిలోకి విసిరేశాడు. “తెచ్చిపెట్టమంటారా అండీ?” అన్నాను. మనిషన్నవాడు అడిగే మాటేనా అది!

“వేరే పడవ చూడండి! పడవవాణ్ణి కూడా మార్చేయండి!” అని అరిచాడు.

అప్పుడే నాన్న వేషం వేసుకుని రేవులోకి దిగాడు. పడవను చూశాడు. ఆ అరుపు విన్నాడు. నావైపు చూడనైనా చూడలేదు.

“ఒక్క పూట టైమివ్వండి బాబూ,” అన్నాడు.

కత్తి, కిరసనాయిలు, కొబ్బరి పీచు పట్టుకుని కూర్చున్నాడు. అద్దం ముందు వారం రోజులు నిలబడిన మనిషి ఎర్రటి ఎండలో తామరపువ్వు గీకుతున్నాడు.

“నేనూ గీకుతాను నాన్నా.”

“పడవ మీద చెయ్యేశావంటే నీ చర్మం గీకుతాను.”

మధ్యాహ్నానికి ఒక పక్క నీలం పోయింది. దాని మీద ఒండ్రుమట్టి పులిమాడు. దర్శకుడు పళ్లు నూరుతూనే, ఆ పక్క నుంచే తీయడానికి ఒప్పుకున్నాడు. సైనికుడు దిగాడు. నాన్న తలెత్తాడు. సరిగ్గా సైనికుడి వెనకాల, గట్టు మీద, చేతిలో రంగు డబ్బాతో ఎవరున్నారంటారు? నేనే!

నాన్న చూపు సైనికుణ్ణి దాటి నా మీద పడింది. కళ్లు ఎర్రబడ్డాయి. దవడ వణికింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు.

సినిమా విడుదలయ్యాక రాజమండ్రిలో ఇంటిల్లిపాదీ చూశాం. సగం హాలు నిద్రపోయింది. నాన్న మొహం తెర మీదికి వచ్చేసరికి ఆ నిద్రపోయినవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. మా ముందు వరసలో ఓ పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ వెనక్కి తిరిగి, నాన్నను గుర్తుపట్టాడు.

“ఎంత బాగా చేశారండీ! కన్నకొడుకు పోయిన బాధంతా ఆ కళ్లలో కనబడిందండీ!”

నాన్న తెర మీంచి చూపు తిప్పలేదు.

“పోలేదండి. అదే నా బాధ. ఇదిగో, పక్కనే కూర్చున్నాడు.”

ఆ చీకట్లోనే గోదావరి తల్లి మీద ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఎవరూ అడక్కుండా దేనికీ రంగు వేయను. అడిగినా వేయను.