కంటిన్యువల్, కంటిన్యువస్

రైసుమిల్లు పక్కగా వెళ్ళినప్పుడల్లా, వేడి తవుడు వాసనకి నా అరచేతులు ఇప్పటికీ వాటంతటవే ముడుచుకుంటాయి. తొంభైల చివర్లో, పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో, ఇంగ్లీషు మాస్టారి ట్యూషన్ పాక మిల్లు వెనకే ఉండేది. వానాకాలం తాటాకుల్లోంచి నీళ్ళు కారుతుంటే, ఉప్పూకారం అద్దిన జామకాయ ముక్కలు పొట్లం కట్టి దాచుకుని, బురద కాళ్ళతో చాపల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళం, నేనూ, పదో తరగతి చదివే మా అక్క సుజాతా. మమ్మల్ని చేర్పించిన రోజున నాన్న, "తోలు వలిచెయ్యండి మాస్టారూ, కళ్ళు మాత్రం వదిలెయ్యండి" అన్నాడు. అందరు నాన్నలూ అనే మాటే అది.

ఆ సాయంత్రం మాస్టారు కంటిన్యువల్‌కీ కంటిన్యువస్‌కీ తేడా అడిగారు.

"కాలవ కంటిన్యువల్‌గా పారుతుందండి" అంది అక్క.

"కాలవ ఆగాగి పారుద్దా ఏంటి? చెయ్యి చాపు."

బెత్తం పడింది. ఆయన ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ కొట్టారు. మళ్ళీ ఆగారు.

"ఇలా మధ్యలో ఆగుతూ మాటిమాటికీ జరిగేది కంటిన్యువల్. ఇప్పుడు కంటిన్యువస్ చూడు."

ఇక ఆపలేదు. అరచెయ్యి, కణుపులు, వంగిపోయిన వీపు, ఎక్కడ పడితే అక్కడ. పాకలో ఎవరూ కదల్లేదు. ఉన్నట్టుండి అక్క బెత్తాన్ని గాల్లోనే పట్టుకుంది. లాక్కుని, ఆయన భుజం మీద ఒక్కటి వేసి, వానలోకి విసిరేసింది. నాకు లోపల ఎక్కడో పండగలా ఉంది.

మాకంటే ముందే కబురు ఇల్లు చేరింది. "గురువు మీద చెయ్యెత్తుతావా?" అంటూ నాన్న అక్క చెంప పగలగొట్టాడు. రెండో దెబ్బకి చెయ్యి లేపాడు.

అక్క తన చెయ్యి ముందుకు చాపింది. "కొట్టు నాన్నా. ఖాళీ ఉన్నచోట చూసి కొట్టు."

చిటికెన వేలు పక్కకి ఒరిగి, నేరేడుపండులా కమిలి ఉంది. నాన్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. సైకిల్ తీసి అక్కని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఎముక విరిగిందన్నారు. కట్టు కడుతుంటే, "కొట్టమన్నది నేనే కదమ్మా" అని, అందరి ముందూ భోరుమన్నాడట. మర్నాడు పొద్దున్నే వెళ్ళి మాస్టారితో, "మా పిల్లలు ఇంక రారండి" అని చెప్పి వచ్చేశాడు.

ఇప్పుడు ఆ పాక లేదు, మాస్టారూ లేరు. అక్క చిటికెన వేలు మాత్రం ఈనాటికీ పూర్తిగా వంగదు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు అప్పటి పిల్లలు కొందరు, "ఆ దెబ్బల వల్లే మనకి ఇంగ్లీషొచ్చింది" అని ముచ్చటపడతారు. అక్క లేచి వెళ్ళి వేరే వరసలో కూర్చుంటుంది.